సూర్యముద్రణము – నెగెటివు చరిత్రము

ఒకే రూపమును పెక్కుమాఱులు పొందవలయునన్న కోరిక మానవునకు మిక్కిలి పాతది. కంచరి పాత్రలను పోతపోయుటకు మూసను సిద్ధపఱచుకొనును. పెడన, మచిలీపట్టణముల అద్దకపువారు కొయ్యపై లతలను, పువ్వులను చెక్కించి, ఆ అచ్చుతో గజములకొలది బట్టను నింపుదురు. అచ్చునందలి కుడి బట్టపై ఎడమ యగును. అచ్చున పల్లమైన చోటు బట్టపై ఖాళీగా నిలుచును. ఈ తారుమారే అచ్చునకు లక్షణము. ఛాయాచిత్రకళయందు అట్టి అచ్చునకే నెగెటివు అని పేరు. అందు తెల్లని ధోవతి నల్లగాను, నల్లని జుట్టు తెల్లగాను కనబడును. దానిని వేఱొక కాగితముపై నుంచి వెలుతురు సోకనిచ్చినచో నలుపుతెలుపులు మఱల తమ తమ స్థానములకు వచ్చును.

ఈ నెగెటివు పుట్టి 190 సంవత్సరములు కావచ్చినది. డిజిటల్ కెమేరా వచ్చిన పిమ్మట దానికి కాలము చెల్లినదని లోకము తలంచెను. అయినను వింత యేమనగా, దానిని మూలబెట్టిన కంప్యూటరే, కచేరీలలో ఉత్తరములు అచ్చువేయు ఇంక్‌జెట్ ప్రింటరే, దానికి మఱల ప్రాణము పోసినవి. ఆ కథ బోధపడుటకు మొదటినుండి పరికింపవలయును.

నిలువని నీడ

వెండి లవణములు వెలుతురు సోకిన నల్లబడునని రసాయనశాస్త్రజ్ఞులు 18వ శతాబ్దముననే యెఱుగుదురు. 1802లో ఇంగ్లండున థామస్ వెడ్జివుడ్, హంఫ్రీ డేవీ యనువారు సిల్వర్ నైట్రేటు పూసిన కాగితముపైనను, తోలుపైనను ఆకులనుంచి ఎండలో పెట్టి వాని నీడలను పట్టిరి. కాని ఆ నీడలను నిలుపు ఉపాయము వారికి దొరకలేదు. క్రొవ్వొత్తి వెలుతురున చూచి దాచుకొనవలసినదే. పగటిపూట బయటకు తీసినచో కాగితమంతయు నల్లబడి చిత్రము మాసిపోవును.

1833లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను ఆంగ్ల పండితుడు ఇటలీదేశమున కోమో సరస్సు చెంత కూర్చుండి ప్రకృతిదృశ్యమును గీయ యత్నించి విఫలుడయ్యెను. ఆ దృశ్యమే తనంతట తాను కాగితముపై అచ్చుపడిన నెంత బాగుండునన్న తలంపు ఆయనకు కలిగెను. స్వగ్రామమైన లేకాక్ చేరి, కాగితమును తినెడు ఉప్పు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టి, దానిపై సిల్వర్ నైట్రేటు పూసి పరీక్షలు చేసెను. ఆయన వాడిన చిన్న చిన్న కొయ్యపెట్టెలు ఇంటిలో నలుమూలల పడియుండుట చూచి ఆయన భార్య వానిని ఎలుకబోనులని పరిహసించెడిది. అట్టి పెట్టెలో 1835 ఆగస్టున పడిన తమ యింటి కిటికీ చిత్రమే నేడు మిగిలియున్న కెమేరా నెగెటివులలో అతిప్రాచీనము. అది తపాలాబిళ్ళకంటె ఏమంత పెద్దది కాదు. అయినను భూతద్దముతో చూచిన కిటికీయందలి సుమారు 200 అద్దపు పలకలను లెక్కింపవచ్చునని టాల్బట్ దానిచెంత వ్రాసియుంచెను.

నీడను నిలుపు ఉపాయమును ఖగోళశాస్త్రజ్ఞుడైన సర్ జాన్ హెర్షెల్ చూపెను. వెండి లవణములను హైపో కఱగించునని ఆయన 1819లోనే కనుగొనియుండెను. 1839లో ఆ సంగతి టాల్బట్‌కు తెలిపెను. ఫోటో స్టూడియోల చీకటిగదులలో వాడుకలో నుండిన హైపో అదియే. నెగెటివు, పాజిటివు అను పేర్లను ఈ విద్యయందు ప్రవేశపెట్టినవాడును హెర్షెలే.

బంధించిన విద్య, పంచిన విద్య

ఆ 1839వ సంవత్సరముననే ఫ్రాన్సుదేశమున లూయీ డాగేరు తన పద్ధతిని ప్రకటించెను. అది వెండిపూత గల రాగిరేకుపై నేరుగా పడు చిత్రము, సౌందర్యమున సాటిలేనిది. కాని దానికి నెగెటివు లేదు. ఒక చిత్రమునకు ఒక్కటే ప్రతి. టాల్బట్ నెగెటివు అంత స్ఫుటము కాకపోయినను, దానినుండి నూఱు ప్రతులు తీయవచ్చును. భవిష్యత్తు దానిదే యయ్యెను.

అయినను ఆ భవిష్యత్తు వెంటనే రాలేదు. ఫ్రెంచి ప్రభుత్వము డాగేరునకు భరణమిచ్చి ఆయన పద్ధతిని లోకమునకు దానము చేసెను. టాల్బట్ 1841లో తన కాలోటైపు పద్ధతికి పేటెంటు తీసికొనెను. తన ధనమును, కాలమును వెచ్చించి సాధించిన దానికి ప్రతిఫలము కోరుట తప్పు కాదు. కాని రుసుము చెల్లించి అనుమతి పొందవలసి వచ్చుటచే ఇంగ్లండున ఆ విద్య నేర్చినవారు కొలదిమందియే యైరి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకపై కొలోడియను పూసి నెగెటివు చేయు పద్ధతిని కనుగొని, పేటెంటు తీసికొనక పత్రికయందు ప్రకటించెను. అదియు తన పేటెంటునకు లోబడినదేయని టాల్బట్ వాదించి, 1854లో లారోష్ అను ఛాయాగ్రాహకునిపై వ్యాజ్యమున ఓడిపోయెను. ఆర్చర్ 1857లో పేదవాడుగనే మరణించెను. ఆయన పిల్లలకు పిమ్మట ప్రభుత్వము కొంత భరణమిచ్చెను. కాని ఆయన పంచిన గాజు నెగెటివు ముప్పదియేండ్లవఱకు లోకమంతట ఏలినది.

హెర్షెల్ మార్గమును అట్టిదే. 1842లో ఆయన వెండితో పనిలేక, ఇనుముతో చిత్రము చేయు పద్ధతిని కనుగొని రాయల్ సొసైటీ పత్రికలో వెల్లడించెను. అదియే సైయనోటైపు, అనగా నీలిముద్రణము. 1870 ప్రాంతముల తరువాత ఇంజనీర్ల కచేరీలలో పటముల ప్రతులు తీయుటకు వాడిన బ్లూప్రింటు ఈ పద్ధతియే. ఈ హెర్షెల్ కుమారుడు విలియం హెర్షెల్ వంగదేశమున ఉద్యోగియై 1858లో ఒక కంట్రాక్టుపత్రముపై సంతకమునకు మాఱుగా చేతిముద్ర వేయించెను. నేడు దస్తావేజులపై వేయు వేలిముద్రల చరిత్ర కది ఒక తొలిమెట్టు.

నీలిముద్రణమును మొట్టమొదట పుస్తకమునకు వినియోగించిన కీర్తి ఒక స్త్రీకి దక్కినది. అన్నా అట్కిన్సు హెర్షెల్ కుటుంబమునకు పరిచితురాలు. వృక్షశాస్త్రమున ఆసక్తి గలది. సముద్రపు నాచులను సిద్ధము చేసిన కాగితముపై నేరుగా పఱచి, గాజుపలక నొత్తి ఎండలో నుంచి, నీటిలో కడిగి, నీలిరంగు నేలపై తెల్లని నాచుల రూపములను పొందెను. 1843లో తొలి భాగము వెలువడెను. 1853 నాటికి గ్రంథము పూర్తియయ్యెను. వివరణాక్షరములును ఆమె చేతివ్రాతయే, అవియు నీలిముద్రణమే. ఛాయాచిత్రములతో కూడిన తొలి గ్రంథము అదియేయని చరిత్రకారుల మతము. ఆమె దానిని అంగడిలో విక్రయించుటకుగాక మిత్రులకును, విద్యాసంస్థలకును కానుకగా నిచ్చెను. హెర్షెల్ పొందిన ప్రతి నేడు న్యూయార్కు ప్రజాగ్రంథాలయమున భద్రముగ నున్నది.

ఎండలో ముద్రణము

పై పద్ధతులన్నిటను ఒక నియమము కలదు. చిత్రమెంత కావలయునో నెగెటివును అంతయే యుండవలయును. నెగెటివును కాగితముతో మొగము మొగము కలిపి, గాజుపలకగల చట్రమున బిగించి ఎండలో పెట్టవలయును. ఈ కాగితములకు గ్రహణశక్తి మిక్కిలి తక్కువ. కంటికి కనబడు దీపపు వెలుతురున అవి లొంగవు. ఎండయందలి అతినీలకిరణములే వానిపై పనిచేయును. అందులకును కొన్ని నిమిషములు పట్టును. కావున చిన్న నెగెటివునుండి దీపముతో పెద్ద చిత్రము తీయుట వీనియందు సాధ్యము కాదు. ఆనాటి కెమేరాలు పెట్టెలవలె పెద్దవై యుండుటకు ఇదియొక ముఖ్యకారణము.

దక్షిణదేశమునను ఈ పద్ధతియే నడచినది. మద్రాసు ప్రభుత్వము 1856లో కెప్టెన్ లిన్నియస్ ట్రైపును ఛాయాగ్రాహకునిగా నియమించెను. ఆయన మధుర, తంజావూరు మున్నగు క్షేత్రముల ఆలయములను మైనము పట్టించిన పెద్ద కాగితపు నెగెటివులపై చిత్రించెను. ఆకసము వెలవెలబోయిన చోట ఆయన ఆ నెగెటివుపై స్వహస్తముతో రంగు పూసి మబ్బులను కల్పించుచుండెను. హైదరాబాదున ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున ప్రఖ్యాతి గాంచిన రాజా దీనదయాళ్ గాజు నెగెటివులపై చిత్రములు తీసెను. ఆయన మరణించినది 1905లో. ఆయన గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. ఆనాటి కోటలు, దర్బారులు, కరవుపనుల దృశ్యములు నేటికిని చూడనగుచున్నవన్న అది నెగెటివు చలువయే.

కెమేరాతో పనిలేని నెగెటివును ఆ రోజులలోనే కలదు. ఫ్రాన్సున కామిల్ కోరో మున్నగు చిత్రకారులు 1853 మొదలుకొని గాజుపలకకు పూత పూసి, సూదితో గీసి, దానిక్రింద కాగితముంచి ఎండలో ప్రతులు తీసిరి. అనగా వెలుతురును కొన్నిచోట్ల ఆపి, కొన్నిచోట్ల విడుచు వస్తువేదైనను నెగెటివు కాగలదు. అది వెండియే కానక్కఱలేదు, సిరాయైనను చాలును. ఈ సత్యము నూటనలువదియేండ్ల పిమ్మట అక్కఱకు వచ్చినది.

చీకటిగది వచ్చుట, పెద్ద నెగెటివు పోవుట

ఇనుముతోపాటు ఇతర పద్ధతులును వెలసెను. 1864లో జోసెఫ్ స్వాన్ మసిని జిగురులో కలిపి చిత్రము చేయు కార్బను పద్ధతికి పేటెంటు పొందెను. 1873లో విలియం విల్లిస్ ప్లాటినము ముద్రణమును కనుగొనెను. ప్లాటినము తుప్పుపట్టదు, గాలికి మాఱదు; కాగితము నిలిచినంతకాలము ఆ చిత్రము నిలుచును. అట్టి చిత్రమున నలుపునుండి తెలుపువఱకు గల మెత్తని ఛాయలు వేఱొక పద్ధతియందు అరుదు.

కాని కాలము మాఱినది. బ్రోమైడు కాగితములు వచ్చెను. అవి దీపపు వెలుతురుననే క్షణములలో పనిచేయును. చిన్న నెగెటివునుండి పెద్ద చిత్రము తీయవచ్చును. 1888లో కొడక్ కెమేరా వెలువడెను. కెమేరా చేతిలో ఇమిడినది. నెగెటివు బొటనవ్రేలంత యైనది. మొదటి ప్రపంచయుద్ధమున ప్రేలుడుపదార్థముల తయారీకి ప్లాటినము కావలసివచ్చి దాని వెల విపరీతముగ పెరిగినందున, కర్మాగారములు ప్లాటినము కాగితమును ఒక్కొక్కటిగా మానివేసెను. ఎవరి కాగితమును వారు పూసికొను అలవాటు అప్పటికే తప్పిపోయినది. కర్మాగారము మానగానే విద్యయు మానినట్లయ్యెను.

1960 తరువాత కొందఱు కళాకారులు పాత పుస్తకములు తిరుగవేసి ఆ పద్ధతులను మఱల చేపట్టిరి. అమెరికాలో ఇర్వింగ్ పెన్ ప్లాటినము చిత్రములు చేసి 1975లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాలయందు ప్రదర్శించెను. వీరికి నెగెటివే పెద్ద చిక్కు. చిన్న నెగెటివునుండి ఫిలింపై ఒక పాజిటివు, దానినుండి మఱొక పెద్ద నెగెటివు చీకటిగదిలో చేయవలయును. ప్రతి మెట్టునను కొంత వివరము నశించును; ఒక్కచోట పొరపాటు జరిగిన మొదటికి రావలయును. కొంతకాలమునకు ముద్రణాలయములే ఫిలిం వాడుట మానుకొనుటచే అట్టి పెద్ద ఫిలిములును అరుదయ్యెను. నలుపుతెలుపు ఫోటోకాగితము చేయుట మానుచున్నట్లు 2005లో కొడక్ కంపెనీయే ప్రకటించినది.

సిరాచుక్కల నెగెటివు

1977లో జపానుదేశమున కానన్ ప్రయోగశాలలో, సిరా నిండిన సూదికి కాగిన అతుకుకమ్మి తగులగా సూదిమొననుండి సిరా చిమ్మెనట. ఆ చిమ్ముటనుండి ఒక తరహా ఇంక్‌జెట్ ప్రింటరు పుట్టినది. విద్యుత్తు సోకినపుడు ఉబ్బి తగ్గు స్ఫటికములతో సిరాను నెట్టు మఱియొక తరహాను ఎప్సన్ కంపెనీ వృద్ధిచేసినది. నేటి ఫోటో ప్రింటర్లయందు ఒక్కొక్క చుక్క పరిమాణము లీటరులో లక్షకోట్లవ వంతులు రెండో నాలుగో మాత్రమే. అంత సన్నని చుక్కలతో ఛాయల నన్నిటిని కూర్పవచ్చును.

ఆ కాలముననే అమెరికాలో డాన్ బర్క్‌హోల్డర్ అను ఛాయాగ్రాహకుడు చిత్రమును కంప్యూటరున సరిదిద్ది, ముద్రణాలయముల ఫిలిం యంత్రముపై పెద్ద నెగెటివు తీయించి, దానితో ప్లాటినము చిత్రములు చేసెను. 1995లో ఆయన ఆ పద్ధతిని పుస్తకరూపమున ప్రకటించెను. పిమ్మట ఇంక్‌జెట్ ప్రింటర్లు మెఱుగుపడగా, ముద్రణాలయముతో పనిలేక ఇంటిలోనే నెగెటివు చేయు వీలు కలిగినది. సభలలో తెరపై వ్రాతలు చూపుటకు పూర్వము వాడిన పారదర్శకపు రేకువంటి ఫిలింపై సిరాతో అచ్చువేసిన చాలును. కోరో గాజుపలకయు, ట్రైపు పూసిన మబ్బులును ఇట్లు యంత్రరూపమున మఱల అవతరించినవి.

పని చెప్పినంత సులభము మాత్రము కాదు. కంటికి నల్లగ కనబడు సిరా అతినీలకిరణములను పూర్తిగ ఆపకపోవచ్చును. పలుచగ కనబడు పసుపో నారింజయో చక్కగ ఆపవచ్చును. కావున కన్నును నమ్మక కాగితమునే సాక్షిగా తీసికొనవలయును. ముందుగా ఏమియు అచ్చువేయని ఫిలిం ముక్కను మందుపూసిన కాగితముపై సగము కప్పి, రెండు, నాలుగు, ఎనిమిది నిమిషములు ఇట్లు వేర్వేఱు కాలములు ఎండ చూపవలయును. ఫిలిం క్రిందను, ఫిలిం లేనిచోటను ఛాయ సమానమగు కనిష్ఠకాలమే ముద్రణకాలము. దానిని ఇక మార్చరాదు. తరువాత తెలుపునుండి నలుపువఱకు మెట్లు మెట్లుగ గల పట్టికను నెగెటివుగా అచ్చువేసి, ఆ కాలముననే ముద్రింపవలయును. ఏ మెట్టు ఎంత దారితప్పినదో కొలిచి, అంత సవరణ కంప్యూటరునందు వక్రరేఖగా వ్రాసికొనవలయును. వర్తకుడు త్రాసు ధర్మము చూచుకొని తూచునట్లే ఇది. ప్రతి పద్ధతికిని వేఱు రేఖ కావలయును. ఉప్పుకాగితమునకు చాల గాఢమైన నెగెటివు కావలసియుండగా, మఱియొకదానికి పలుచనిది చాలును.

సవరణ పిమ్మట చిత్రమును నలుపుతెలుపులు తారుమారు చేసి, కుడియెడమలు మార్చి అచ్చువేయుదురు. కుడియెడమలు మార్చుట, సిరా గల ముఖము కాగితమును నేరుగ తాకుటకు. ఫిలిం మందము మధ్య అడ్డుపడినచో గీతలు మసకబారును. సిరా బాగుగ ఆరనిదే నెగెటివును వాడరాదు. తడి సిరా కాగితమునకు అంటి రెండును చెడును.

కరక్కాయ, అన్నభేది

ఇక కాగితము సంగతి. నీలిముద్రణమునకు రెండు ద్రావణములు చాలును. ఆకుపచ్చని ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో ఒకటి. పొటాసియం ఫెర్రీసైనైడు 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో మఱియొకటి. రెండును సమభాగములుగ కలిపి, మందమైన కాగితముపై కుంచెతో పూసి, ఎండ తగులని గదిలో ఆరబెట్టవలయును. నెగెటివుతో బిగించి ఎండలో పెట్టగా, వెలుతురు సోకినచోట ఇనుము మాఱుపు చెంది నీలిరంగుగ కుదురుకొనును. సోకనిచోట మందు నీటిలో కొట్టుకొనిపోవును. పసుపుచాయ పోవువఱకు మంచినీట కడుగుటయే మిగిలిన పని. ఆరుచుండగా గాలి సోకి నీలము ఇంకను చిక్కబడును. ఫెర్రీసైనైడు గాఢమైన ఆమ్లములతో కలియరాదన్నది మఱవరాని జాగ్రత్త. జిగురుతో చేయు కొన్ని పద్ధతులయందు వాడు డైక్రోమేటు విషము. దానిని తొడుగులు లేక తాకరాదు, కాలువలలో పాఱబోయరాదు.

ఈ రసాయనము తెలుగునాట పూర్తిగ అపరిచితము కాదు. పూర్వము పల్లెలలో కరక్కాయ, అన్నభేది కలిపి సిరా కాచుకొనెడివారు. కలంకారి పనివారు కరక్కాయ పట్టించిన బట్టపై ఇనుపతుక్కు, బెల్లము పులియబెట్టిన కసిముతో నల్లగీతలు వ్రాయుదురు. ఇనుము, వగరు కలిసినచో నలుపు పుట్టును. నీలిచిత్రమును నల్లగ మార్చుటకు నేటి ఛాయాగ్రాహకులు తేయాకు డికాషనులో ముంచుదురు. అందున్న వగరే, కరక్కాయయందున్న వగరే, అక్కడ పనిచేయుచున్నది.

మిగిలిన ప్రశ్న

డిజిటల్ నెగెటివు వలన లాభములు స్పష్టము. నెగెటివు చిరిగిననో, మచ్చపడిననో మఱల అచ్చువేసికొనవచ్చును. పెద్ద కెమేరా లేనివాడును పెద్ద ప్లాటినము చిత్రము చేయగలడు. పాత పటములను స్కాను చేసి, వాని రూపమును వందేండ్లు నిలుచు కాగితముపై నింపవచ్చును. కాని ఒక ప్రమాదమును కలదు. ప్లాటినము కాగితమును కర్మాగారము మానినపుడు విద్య నిలిచిపోయినట్లే, ప్రింటరును, సిరాను కంపెనీ మార్చినపుడు కష్టపడి కొలిచిన రేఖ చెల్లక మఱల మొదటినుండి కొలువవలసి వచ్చుచున్నది. ఎలక్ట్రానిక్ ఫైలు ఒక చిన్న లోపమున నశింపగలదు. దీనదయాళ్ గాజుపలకను దీపమునకు ఎదుట పట్టినచో నేటికిని చిత్రము కనబడును. కావున ఫైలును నమ్మి కాగితమును విడుచుట వివేకము కాదు. కాగితపు ప్రతి చేసియుంచుటయే భద్రము.

ఇన్ని మార్పులలోను ఈ విద్యను కాపాడినదేది? వెండి కాదు, ప్లాటినము కాదు, యంత్రమును కాదు. 1842లో హెర్షెల్ దాచక వ్రాసిన పుటలు, 1851లో ఆర్చర్ పత్రికకు పంపిన వ్యాసము, అట్కిన్సు కానుకగ పంచిన గ్రంథము, 1995లో బర్క్‌హోల్డర్ అచ్చొత్తించిన పుస్తకము. వానిని ఏదో ఒక గ్రంథాలయము ఒక బీరువాలో నుంచినది; ఏండ్లతరబడి అడిగినవారు లేకపోయినను పాఱవేయలేదు. కర్మాగారము మూతపడినపుడు, కావలసినవాడు వచ్చి ఆ బీరువా తలుపు తీసెను. చదువరి యెవరో, వచ్చు దినమెన్నడో తెలియకున్నను పుస్తకమును పదిలపఱచి యుంచుటయే గ్రంథాలయధర్మము. చట్రమున బిగించిన కాగితముపై సూర్యుడు ఎవరిదని అడుగక తన పని చేయునట్లు, గ్రంథాలయమందలి విద్యయు అడిగినవారికెల్ల అందవలసినదే.